ఒక్క స్క్రూ కూడా మార్చని గ్రిల్లు

ముప్పై రెండేళ్లు గ్యాస్ మెకానిక్‌గా పనిచేశాను. అన్నేళ్లలో ఒకే ఒక్కసారి వీడియోలోకి ఎక్కాను. అందులో నా మొహం ఉండదు. కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా కనిపిస్తుంది, ఒక నాబ్ తిప్పుతూ. కింద అక్షరాలు వస్తాయి: ‘ఆరేళ్లు. ఒక్క స్క్రూ కూడా మార్చలేదు.’ ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఆ వీడియో ఎక్కడో చూసి, ఆ చెయ్యి మీదేనంట కదా అని అడుగుతుంటారు. నాదే. ఆ చెయ్యి ఆ రోజు ఏం చేసిందో, ఏం చేయకుండా వదిలేసిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది ఆత్మకూరులో ఒక గ్యాస్ ఏజెన్సీలో. పొయ్యి మండట్లేదని ఫోన్ వస్తే మోపెడ్ మీద టూల్ బ్యాగు వేసుకొని ఒకరోజు కలువాయి వైపు, ఒకరోజు ఉదయగిరి వైపు వెళ్లేవాణ్ని. సగం ఫిర్యాదులు పొంగిన పాల వల్ల వచ్చినవే. పిన్నుతో గ్యాస్ వచ్చే సన్న రంధ్రం పొడిచి, బర్నర్ కడిగి పెడితే మంట నీలంగా వచ్చేది. ఆ ఇంటావిడ నన్ను డాక్టర్ని చూసినట్టు చూసి కాఫీ ఇచ్చేది. ఇంత సులువైన గౌరవం అలవాటైన వాడికి కష్టమైన రోజు ఒకటి వస్తుందని అప్పట్లో తెలియదు.

ఉదయగిరి కొండ కింద ఒక ఊళ్లో పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు. పేరెందుకు, పెద్దాయన అందాం. చుట్టుపక్కల ఏ పంచాయితీ అయినా ఆయన వరండాలోనే తేలేది. ఆయన ఒకసారి బెంగళూరు దగ్గర స్నేహితుడి ఫామ్‌హౌస్‌కి వెళ్లి, పెరట్లో గ్యాస్ గ్రిల్లు చూసి వచ్చాడు. మాంసాన్ని కమ్ముల మీద పెట్టి, కింద గ్యాస్ మంటతో కాల్చే పరికరం. నెల తిరక్కుండా అలాంటిదే ఒకటి మినీ లారీలో దిగింది. నాలుగు బర్నర్లు, తళతళలాడే మూత, కింద రెండు చక్రాలు. బిగించే పని నాకు పడింది.

దాంతో ఒక పుస్తకం వచ్చింది. పెద్దాయన నా చేత చదివించుకున్నాడు. మంచు కురిసే సమయంలో గ్రిల్లును ఆరుబయట ఉంచరాదు అని ఉంది అందులో. ఉదయగిరి ఎండల్లో ఆ ఒక్క నియమాన్ని మాత్రం ఆరేళ్లూ తప్పకుండా పాటించాం.

మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి, మూత మీద నూనె కలిపిన కుంకుమ బొట్టు పెట్టారు. ఆ మూత మీద పడిన మొదటి మచ్చ అదే. పిలుపులందుకొని వచ్చిన వాళ్లు అరిటాకులు పట్టుకొని పెరట్లో నిలబడ్డారు. కోడి ముక్కలు పైన నల్లబడ్డాయి, లోపల పచ్చిగా ఉన్నాయి. అందరూ చాలా బాగుందన్నారు. ఒకాయనైతే ఇది బెంగళూరు రుచి అన్నాడు. ఆ ఇంట్లో వంట చేసే ఆమె ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తుకొని లోపలికి వెళ్లి, దాకలో వేసి ఉడికించి తెచ్చింది. అప్పుడు తిన్నారు.

ఆమె గురించి చెప్పాలి. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, నలభై లోపే ఉంటుంది. భర్త మంద వెంట తిరిగేవాడు. ఈమె పెద్దాయన ఇంట్లో వంట చేసేది. పుస్తకం చదవలేదు కానీ నాలుగైదు వారాల్లో ఆ గ్రిల్లు స్వభావం పట్టేసింది. ఎడమ పక్క కోపిష్టిది, కుడి పక్కది బద్ధకస్తురాలు అనేది. ముక్కల్ని ముందు కోపిష్టి దాని మీద ఒకసారి తిప్పి, తర్వాత బద్ధకస్తురాలి మీదికి జరిపి మూత వేసేది. అప్పట్నించీ పచ్చి ముక్క ఎవరికీ తగల్లేదు. పేరు మాత్రం గ్రిల్లుకే వచ్చింది.

ఇక మన్నిక సంగతి. మొదటి వర్షానికే నిప్పురవ్వ పుట్టించే బటన్ చచ్చిపోయింది. ఏడాది తిరిగేలోగా ఎవరో నాలుగు బర్నర్లూ పెంచి మూత వేసి మరిచిపోతే నాబ్‌లు కరిగి వంకరపోయాయి. కంపెనీకి రాస్తే పంపుతున్నామన్నారు. నాలుగు నెలలు పంపుతూనే ఉన్నారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివాడి దగ్గరికి కరిగిన నాబ్ ఒకటి తీసుకెళ్లి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, వారంలో నాలుగు చెక్క నాబ్‌లు చేసిచ్చాడు. వాటి అంచున సన్నటి పూల వరస కూడా చెక్కాడు. గరిటెలకి చేసే అలవాటు, చెయ్యి ఆగలేదన్నాడు.

రెండో ఏడు కమ్ములు తుప్పు పట్టి రాలాయి. అంతా స్టెయిన్‌లెస్ స్టీలు అని డబ్బా మీద రాసి ఉంది. మంచి రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటదు, నా టూల్ బ్యాగులోదాన్ని ఊరికే అలా దగ్గరకు తీసుకెళ్లాను. పాతకాలపు చుట్టాన్ని చూసినట్టు పోయి అతుక్కుంది. ఆత్మకూరులో వెల్డింగ్ షాపులో చువ్వలతో కొత్త కమ్ములు చేయించాను. మూడో ఏడు బర్నర్ గొట్టాల రంధ్రాలు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయి మంట ఎటు పడితే అటు పోతుంటే, లేత్ మిషన్ ఆయన చేత మందపాటి పైపుతో అదే కొలతకు నాలుగు గొట్టాలు చేయించి పెట్టాను. సబ్బునీళ్లతో అతుకులన్నీ చూసుకున్నాను, వారం రోజులు నేనే మండించి చూశాను. అయినా గ్యాస్ పనిలో సొంత తయారీ తప్పు. నేను చేశాను కదా అని మీరు చేయకండి. చక్రాలు సామాన్ల ట్రాలీవి. కొవ్వు కారి పడే ట్రే, రేకు డబ్బా కోసి చేసింది. ఆరో ఏటికి కంపెనీది మిగిలింది మూత, చట్రం, పేరు రాసిన రేకు ముక్క.

గ్రిల్లు మాత్రం కొత్తలో కంటే బాగా కాలేది.

పెద్దాయనకు ఇందులో ఒక్కటే పట్టింపు, రిపేరు అన్న మాట బయటికి రాకూడదు. నేను వెళ్లినప్పుడల్లా వంటింట్లో పొయ్యి చూడ్డానికి వచ్చానని చెప్పేవాళ్లు. అతిథులకు ఆయన స్వయంగా గ్రిల్లు చూపించి, వస్తువంటే ఇదీ, ఇన్నేళ్లలో ఒక్క స్క్రూ తిప్పిన పాపాన పోలేదు అనేవాడు. ఒకటి రెండుసార్లు నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. తల కూడా ఊపాను. మరి చెక్క నాబ్‌లు కనిపించవా అంటారేమో. ఎవరైనా అడిగితే ఉదయగిరి కోసం ప్రత్యేకంగా చేసిన మోడల్ అనేవాడు.

ఆ అతిథుల్లో ఒకాయనకు గ్రిల్లు కంపెనీలో బంధువు ఉన్నాడు. మాట అటు చేరింది. ఆ మోడల్ కొన్నవాళ్లలో ఆరేళ్ల తర్వాత కూడా వాడుతున్నది మా పెద్దాయన ఒక్కడేనని కంపెనీ వాళ్ల విచారణలో తేలిందట. మిగతావి ఏమయ్యాయని వాళ్లు ఆలోచించలేదు. వచ్చి వీడియో తీస్తామన్నారు.

మా ఏజెన్సీ యజమాని నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. అంతకు ముందు ఎప్పుడూ చూపించలేదు. గ్రిల్లు వాళ్లు మన ఏజెన్సీకి ఉత్తమ సర్వీసు షీల్డు ఇస్తారని చెప్పాడు. సర్వీసే అక్కర్లేదని చెప్పుకునే వస్తువుకు సర్వీసు షీల్డు దేనికని నేను అడగలేదు. ఒక్క షరతు ఉందన్నాడు. లోపలి భాగాలన్నీ కంపెనీవే ఉండాలి. వాళ్ల ఇంజనీరు వచ్చి చూస్తాడు, నేను సంతకం పెట్టాలి.

కంపెనీ పాత భాగాలు పారేయొద్దని పెద్దాయన మొదట్లోనే చెప్పి ఉండటంతో అన్నీ ఒక గోతం సంచిలో వేసి బోరు మోటారు షెడ్డులో పడేసి ఉంచాను. వీడియో రోజు పొద్దున్నే నేను వెళ్లేసరికి పెద్దాయన ఇస్త్రీ పంచెలో పెరట్లో తిరుగుతున్నాడు.

“పాతయ్యి యాడుండాయబ్బయా?”

“మోటార్ షెడ్డులో ఉండాయయ్యా. కానీ గొట్టాలు బాగా తినేసి ఉండాయి.”

“ఆరేళ్లు మండినయ్యి ఇంకో గంట మండవా? పెట్టేసెయ్.”

అవి మండింది మూడేళ్లేనని, మిగతా మూడేళ్లూ షెడ్డులో పడుకున్నాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆరేళ్లని చెప్పీ చెప్పీ ఆయన నమ్మేశాడు. వినీ వినీ నేను కూడా సగం నమ్మాననుకుంటాను.

గొట్టాల్ని ఇనుప బ్రష్షుతో రుద్దాను. పైన మెరిసేదాకా రుద్దాను. రెండు గంటలు పట్టింది. రాలగా మిగిలిన పాత కమ్ములు పరిచి, వంకరపోయిన నాబ్‌లు బిగించి, పగిలినచోట గమ్ము పెట్టాను. వంట చేసే ఆమె కోడి ముక్కలకు మసాలా పట్టించి తెచ్చి, నేను మంచి గొట్టాలు ఊడదీసి పక్కన పేర్చడం చూసి ఆగింది.

“బాగుండేటియ్యి తీసి తుప్పుయ్యి పెడతా ఉండావేందన్నా?”

వీడియో కోసమని, సాయంత్రం మళ్లీ మార్చేస్తానని చెప్పాను.

“పెట్టుకో. వాళ్లొచ్చేలోపల ఒకసారి ముట్టిచ్చి చూడు.”

మంచి మాట. నేనే చెప్పాల్సిన మాట, మీకందరికీ మొదటిరోజే నేర్పే మాట. కానీ ముట్టిస్తే రెండు గంటలు రుద్దిన మెరుపు మీద మసి పడుతుంది. మా యజమాని అప్పటికే అక్కడికి వచ్చి కూర్చొని ఉన్నాడు. ముట్టించొద్దు, కెమెరా ముందే మొదటిసారి వెలగాలి అన్నాడు. నేను ఆమె వైపు చూసి, ఏం కాదులేమ్మా అన్నాను.

పదకొండు గంటలకు వాళ్లు దిగారు. ఇంజనీరు కుర్రవాడు, మర్యాదస్తుడు, చేతిలో ట్యాబ్. వీడియో తీసే అతను వేరు. ఇంజనీరు ఒక గొట్టాన్ని గోటితో గీకి, ఒరిజినలేనా అన్నాడు. ఒరిజినలే అన్నాను. అది నిజమే కాబట్టి నాకు తడుముకోవాల్సిన పని కూడా రాలేదు. ట్యాబ్‌లో వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. గొట్టం లోపల శుభ్రంగా ఉందా అనే ప్రశ్న కూడా ఆ జాబితాలో ఉందట, తర్వాత తెలిసింది. దానికీ టిక్కు పడింది. ఆరేళ్లలో ఏ భాగమూ మార్చలేదన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను.

వీడియో అతనికి వెనక కొండ మీద కోట కనపడాలట. మన్నికకు గుర్తుగా ఉంటుందన్నాడు. పెద్దాయన దగ్గర వ్యవసాయం లెక్కలు చూసే మనిషి ఒకడు, ఆ కోట పడిపోయిందే గదా అని నా చెవిలో అన్నాడు. కోట రావడానికి గ్రిల్లును వెనక్కి తిప్పారు. సిలిండరు చూడ్డానికి బాగాలేదని దానికి అడ్డంగా రెండు పెద్ద క్రోటన్ కుండీలు పెట్టారు. ప్రమాదం జరిగితే ముందు చెయ్యి పోవాల్సింది సిలిండరు మీదికి. ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి ఇదే చెప్పినవాణ్ని, ఒక కుండీని నేనే మోశాను.

ముందు గ్యాస్ ఆపి ఉంచి నా చెయ్యి ఒక్కటే తీశారు, నాబ్ తిప్పుతున్నట్టు. తర్వాత పెద్దాయన నాలుగు మాటలు మాట్లాడాడు. వస్తువంటే ఇదీ అన్నాడు. ఆ తర్వాత అసలు వంట. నేను సిలిండరు తెరిచి పక్కకు వచ్చాను. ఆమె కొంగు నడుముకు దోపుకొని వచ్చింది. మూత తెరిచింది. బటన్ పనిచేయదు కాబట్టి పొడుగు లైటరుతో మొదటి బర్నర్ ముట్టించింది, వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోది తిప్పి లైటరు పెడితే గొట్టం మీద మంట రాలేదు. ఆమె నా వైపు చూసింది. వీడియో అతను ఇంకోసారి అన్నాడు. ఆమె వంగి ఇంకోసారి లైటరు నొక్కింది.

మంట పైన రాలేదు. కింద, నాబ్‌ల వెనక నుంచి భుగ్గున వచ్చి ఆమె కుడిచేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చుట్టేసింది.

ఆమె వెనక్కి పడింది. నేను సిలిండరు వైపు పరిగెత్తితే కుండీ అడ్డం. దాన్ని తోసేసి రెగ్యులేటరు కట్టేసేలోపు నాబ్‌లు కరిగి కారుతున్నాయి. పెద్దాయన భార్య బకెట్ నీళ్లు తెచ్చి ఆమె చెయ్యి అందులో ముంచి పట్టుకుంది. ఆ పెరట్లో ఆ రోజు సరైన పని చేసింది ఆవిడ ఒక్కతే. పది నిమిషాల్లో పెద్దాయన కారులో ఆమెను ఉదయగిరి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

మిగిలిన వాళ్లం పెరట్లో నిలబడ్డాం. నేను చల్లారిన మూడో గొట్టం ఊడదీసి, దాని వెనక కొసను అరచేతి మీద తట్టాను. ఎండిన మట్టి ఉండలు రాలాయి. షెడ్డులో ఉన్న మూడేళ్లలో కందిరీగ ఒకటి గొట్టం లోపల మట్టితో గూడు కట్టుకుంది. గ్యాస్ గొట్టంలోకి పోయే దారి లేక వెనక్కి తన్ని నాబ్‌ల కింద చేరింది. వెలుతురుకు ఎత్తి పట్టుకొని ఒక్కసారి లోపలికి చూసి ఉంటే కనిపించేది. అర నిమిషం పని. పైపైన రుద్దడానికి రెండు గంటలు దొరికిన నాకు ఆ అర నిమిషం దొరకలేదు.

మట్టి ఉండలు ఎవరూ చూడలేదు. నేను వాటిని చెప్పుతో నేలలోకి నలిపేశాను. ఆ రోజు ఈ మాట నా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇంజనీరు పాలిపోయి ఉన్నాడు. కాసేపటికి ట్యాబ్ తెరిచి, ఆమె గ్యాస్ ముందే తెరిచి ఆలస్యంగా ముట్టించినట్టుంది కదా అన్నాడు. అయ్యుండొచ్చు అన్నాడు మా యజమాని. పెద్దాయన కోట వైపు చూస్తూ, చదువు లేని మనిషి గదా అన్నాడు. ఆరేళ్లుగా ఆ గ్రిల్లును నడిపింది ఆ చదువు లేని మనిషే. వినియోగదారు పొరపాటు అని రాసి, సాక్షిగా సంతకం పెట్టమని నాకు ఇచ్చారు. పెట్టాను. ఆ రోజుకు అది రెండో సంతకం.

మరుసటిరోజు పొద్దున బత్తాయిలు తీసుకొని ఆస్పత్రికి వెళ్లాను. చేతికి కట్టు కట్టి దిండు మీద పెట్టి ఉంది. భర్త మందను ఎవరికో అప్పగించి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అప్పటికే పెద్దాయన ఇంటి నుంచి ఎవరో వచ్చి, నీ తొందర వల్ల ఎంత పనైందో చూడు, ఇంక వంటకు రావొద్దులే అని చెప్పి వెళ్లారట. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“నేనే ముందు తిప్పేసినానేమోన్నా. ఎంత గ్యాపకం చేసుకున్నా తెలీడం లే,” అంది.

ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చేయని మనిషి, ముగ్గురు మగవాళ్లు కలిసి ఒక మాట అనుకోగానే తన చేతినే నమ్మడం మానేసింది. నేను మంచం అంచున కూర్చున్నాను.

“నువ్వు కాదుమ్మా. గొట్టంలో కందిరీగ గూడు పెట్టుంది. నేను లోపల చూళ్లేదు. నువ్వు ముట్టిచ్చి చూడమన్నా కూడా వినలేదు.”

భర్త తలెత్తి నన్ను చూశాడు. ఆమె కట్టు ఉన్న చేతిని దిండు మీద సర్దుకుంది.

“ఈ మాట ఆడ చెప్పినావా?”

లేదన్నాను.

“నాకు చెప్తే ఏంది లాభం. ఆడ చెప్పు.”

అంతే అంది. మళ్లీ నా వైపు తిరగలేదు.

ఆస్పత్రి నుంచి నేరుగా పెద్దాయన పెరట్లోకి వెళ్లాను. నాలుగో గొట్టం కూడా తట్టి చూస్తే దాన్లోనూ సగం గూడు ఉంది. దాన్ని అలాగే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొని నెల్లూరు బస్సెక్కాను. ఇంజనీరు ఇంకా అక్కడ లాడ్జిలోనే ఉన్నాడని తెలుసు. దారిలో ఒక తెల్లకాగితం మీద జరిగింది రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి కానీ విషయం తిన్నగానే ఉంది. ఏ భాగం ఏ ఏడు మార్చానో, ఎవరి చేత చేయించానో, ఆ రోజు పాతవి ఎందుకు పెట్టానో, లోపల చూడలేదని, ముట్టించి చూడలేదని, గూడును చెప్పుతో నలిపానని. నలిపిన సంగతి రాసేటప్పుడు కాసేపు పెన్ను ఆగింది. రాశాను.

ఇంజనీరు చదివి, మంచినీళ్లు తాగి, మళ్లీ చదివాడు. చెడ్డవాడు కాదు. ఇది పంపితే వీడియో ఆగిపోతుందేమోనండీ అన్నాడు. గూడు ఉన్న గొట్టాన్ని బల్ల మీద పెట్టాను. అతను ఫోన్ పట్టుకొని వరండాలోకి పోయి అరగంట మాట్లాడి వచ్చాడు. పైవాళ్లు ఒప్పుకున్నారన్నాడు. వినియోగదారు పొరపాటు అన్న మాట కొట్టేసి, నా ఎదురుగానే ప్రమాదానికి కారణం కీటకం అని రాశాడు. కీటకాల నష్టం వారంటీలోకి రాదు కాబట్టి కంపెనీకీ ఇబ్బంది లేదట. అలా చివరికి తప్పు కందిరీగది అయింది. అందరిలో సంతకం పెట్టనిది అదొక్కటే.

ఆ కాగితానికీ, నేను రాసిచ్చినదానికీ నకళ్లు అడిగి తీసుకొని, తిరుగు బస్సులో వచ్చి ఆమె మంచం దగ్గర చదివి వినిపించాను. కీటకం అన్న మాటకు అర్థం అడిగింది. చెప్పాను. నా పేరు తీసేసినారా అంది. తీసేశారన్నాను. తల ఊపి, భర్తను బత్తాయి ఒలిచిపెట్టమంది.

తర్వాతి సంగతులు మీరు ఊహించగలరు. వీడియో ఆగలేదు. మంట రాకముందు దాకా కత్తిరించి, బటన్ టిక్కుమన్న శబ్దం ఎక్కడి నుంచో తెచ్చి కలిపి, నా చేతితో సహా వదిలారు. షీల్డు కూడా వచ్చింది. మా యజమాని నన్ను తిట్టలేదు. ఇకమీదట రిపేర్లకు పోవద్దు, కౌంటరులో కూర్చొని ఆధార్ కాగితాలు చూసుకో అన్నాడు. షీల్డును నా కుర్చీకి పైన గోడకు కొట్టించాడు. చివరి పద్నాలుగు నెలలు దాని కిందే కూర్చొని రిటైరయ్యాను. వచ్చినవాళ్లు అది నాకే ఇచ్చారనుకొని అభినందించేవాళ్లు.

పెద్దాయన మాత్రం ఏడాదికి పైగా నాతో మాట్లాడలేదు. కోపం మంట గురించి కాదు. ఆ నకళ్లు ఊళ్లో నలుగురి చేతుల్లో తిరిగి, గ్రిల్లు చక్రాలు ట్రాలీవని, ట్రే రేకు డబ్బాదని అందరికీ తెలిసిపోయింది. అతిథులు వచ్చినప్పుడు ఎవరో ఒకరు నవ్వుతూ కందిరీగ బాగుందా అని అడిగేవాళ్లట. గ్రిల్లుకు టార్పాలిన్ పట్టా కప్పించి గోడవైపు తోయించేశాడు. ఆమెకు ఆస్పత్రి ఖర్చంతా పెట్టి, మళ్లీ వంటకు రమ్మని కబురు పెట్టాడు. ఆమె రానంది. ఎన్నిసార్లు పిలిచినా రానంది.

నేను రిటైరైన వారానికి పెద్దాయన ఫోన్ చేశాడు. ఆ దరిద్రాన్ని ఎత్తుకుపొమ్మన్నాడు. ఎక్కడికయ్యా అన్నాను. ఆమె అడిగిందట, భర్తను పంపి. ఏయస్ పేటలో దర్గాకు వచ్చే యాత్రికుల దారిలో చిన్న తిండి బంకు పెట్టుకుంటుందట.

“అడిగింది గదా, దానికే ఇయ్యి,” అన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంటే పెట్టలేదు. “చెయ్యి బాగుండాదా దానికి?” అని అడిగాడు.

మీరే అడగండయ్యా అన్నాను. ఆయన అడగలేదనుకుంటాను. కానీ ఇప్పుడు అటువైపు కారు పోయినప్పుడల్లా డ్రైవరు దిగి రెండు పొట్లాలు కట్టించుకొని వెళ్తాడు.

గ్రిల్లును ఆటోలో ఏయస్ పేటకు తీసుకెళ్లి, లేత్ మిషన్ గొట్టాలు, చువ్వల కమ్ములు, చెక్క నాబ్‌లు మళ్లీ బిగించాను. సొంత తయారీ తప్పని మీకు పైన చెప్పాను, ఇక్కడ మళ్లీ అదే చేశాను. మాటకు కట్టుబడే మనిషినని నేనెప్పుడూ చెప్పుకోలేదు. ఆమె చికెన్, మొక్కజొన్న కండెలు కాల్చి అమ్ముతుంది. శుక్రవారం ఊపిరాడదు. బంకు పెట్టి రెండేళ్లు దాటింది. చేతి మీద మచ్చ మోచేతి దాకా ఉంది. మంట దగ్గర పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవద్దని నేనే చెప్పాను కాబట్టి అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

రెండు నెలలకోసారి ఉదయం పూట వెళ్లి గొట్టాలు విప్పుతాను. సన్న బ్రష్షు లోపలికి దూర్చి లాగుతాను, ఊదుతాను, ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తాను. చూశాక బిగించబోతే ఆమె చెయ్యి చాపుతుంది. ఇచ్చేస్తాను. కోడి ముక్కల పని ఆపి, కొంగుతో చెయ్యి తుడుచుకొని, గొట్టాన్ని సూర్యుడి వైపు ఎత్తి ఒక కన్ను మూసి తను కూడా చూస్తుంది. నాలుగింటినీ చూస్తుంది. చూడ్డం అయ్యాక నాకు తిరిగి ఇస్తుంది, అప్పుడు బిగిస్తాను.